గర్నాచమ్మకు సాక

స్పెయిన్ దేశంలో తీసే వైనులన్నీ రుచి చూసిన తెలుగువాడు గుంటూరు జిల్లాలో నేనొక్కణ్ణే. గ్లాసు ముక్కు దాకా వస్తే చాలు, ఆ పండు కొండవాలున కాసిందో పల్లంలో కాసిందో, ఆ ఏడు వాన ముందు పడిందో వెనక పడిందో చెప్పేస్తాను. అందులోనూ గార్నాచ అనే ఎర్రవైను సంగతి వచ్చిందంటే నా తరవాతే ఎవరైనా. ఈ మాట మా ఊళ్ళో పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర చెబితే నలుగురు నోళ్ళు తెరిచారు. మీరు కూడా తెరిచే ఉంటారనుకుని కథలోకి వెళుతున్నాను. ఇందులో నిజమెంతో దారిలో చెబుతాను, తొందరపడకండి.

ఉందానగర్

పెద్ద యుద్ధం ముగిసి రైళ్ళలో మళ్ళీ మనుషులకు చోటు దొరకడం మొదలయ్యాక, మా ఆవిడ రాజ్యం తన తమ్ముణ్ణి చూడాలంది. మా బావమరిది శేషగిరి నిజాం రాజ్యంలో ఉందానగర్ స్టేషనులో గూడ్సు గుమాస్తా. శంషాబాద్‌కు అదే స్టేషను. పోయిన వేసవిలో వెళ్ళి వచ్చాం. అక్కడికి వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

దారికని రాజ్యం రేగొడియాల డబ్బా పట్టుకొచ్చింది. రేగుపళ్ళు, బెల్లం, మిరపకాయలు కలిపి దంచి, బిళ్ళలు చేసి, దుప్పటి పరిచి ఎండబెడుతుంది. ఏటా చేస్తుంది. ఏటా నేను ఒకటి నోట్లో వేసుకుని, బాగానే ఉన్నాయి గాని మా అమ్మ చేసినట్టు లేవు అంటాను. మా అమ్మ పోయేనాటికి నేను పలక పట్టుకుని బడికి పోయే పిల్లవాణ్ణి. ఆ రుచి మీకేం గుర్తుంటుందని రాజ్యం అడుగుతుంది. నాకు గుర్తులేదు, నా ముక్కుకు గుర్తుందని నేనంటాను. పెళ్ళయిన నాటి నుంచీ ఈ సంభాషణ ఇలాగే నడుస్తోంది. ఈసారి రైల్లో నడిచింది.

నా ముక్కు గురించి రెండు మాటలు చెప్పాలి. జీవితమంతా పొగాకు గ్రేడింగు చేసినవాణ్ణి. ఆకు కట్ట విప్పకుండానే ఏ రకమో చెప్పేవాణ్ణి. ఇది మాత్రం కోత కాదు, అడిగి చూసుకోవచ్చు. బావమరిది ఇంట్లో అడుగుపెట్టగానే వాళ్ళ వంటింట్లో మెంతులు పాడయ్యాయని చెప్పాను. డబ్బా తీసి చూస్తే నిజంగానే పురుగు పట్టింది. ఆ సాయంత్రం అరుగు మీద స్టేషనువాళ్ళందరూ చేరి నా ముక్కును మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

మాటల్లో శేషగిరి ఒక సంగతి చెప్పాడు. కొత్వాల్‌గూడ దగ్గర ఒక జాగీర్దారు ద్రాక్షతోట ఉందట. అందులో రామన్న అనే తోటమాలి నల్లద్రాక్షతో వైను తీసి కుండలో పోసి పాతిపెట్టాడట. స్పెయిన్ దేశపు తీగట, పేరు గార్నాచట. అది బాగా కుదిరిందో చెడిపోయిందో తేల్చేవాళ్ళు లేక మనిషి కుంగిపోతున్నాడట.

అప్పుడే నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. స్పెయిన్ వైనులా, నాకు మంచినీళ్ళ ప్రాయం అన్నాను. రాజ్యం నా వైపు ఒక చూపు చూసింది. మర్నాడు శేషగిరి ఎవరితోనో కబురంపాడు. ఆ మర్నాటికి జవాబు వచ్చింది: ఆయనను వెంటనే తోలుకరమ్మని.

శంషాబాద్

బండి దొరికేదాకా ఒక పూట శంషాబాద్ బజారులో తిరిగాం. ముంజలమ్మే ఆమెకు మన రూపాయి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కల్దారు, నా తాన చిల్లర లేదంది. అక్కడ నిజాంగారి సిక్కా నడుస్తుంది, మన రూపాయిని కల్దారంటారు. చిల్లరకు బదులు నా పైపంచె నిండా ముంజలు పోసింది. మేం తిన్నన్ని తిని, దారిలో పోయేవాళ్ళకు పంచి, ఇంకా మిగిలితే బండి ఎద్దులకు పెట్టాం.

పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టారు. మా వైపు తొక్కంటే అరటిపండు మీద ఉండేది. అక్కడ అది రోటి పచ్చడి. నేను తేలికగా తీసుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వడ్డించే ఆమె నా కళ్ళు చూసి, సల్ల తాగుండ్రి, సల్ల, అని ముంత అందించింది. సల్లంటే మజ్జిగ. ఆ రోజు నుంచి నాకు అది అమృతం పేరు.

రాజ్యాన్ని ఆశ్చర్యపరిచింది కల్లు కాంపౌండు. మా వైపు ఆడది ఆ దిక్కుకు తలైనా తిప్పదు. ఇక్కడ పొలం పని ముగించుకున్న ఆడవాళ్ళు మగవాళ్ళ పక్కనే కూర్చుని, పిల్లలను ఒళ్ళో పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ తాగుతున్నారు. ఒక్కరూ తూలడం లేదు. ప్రతివాళ్ళూ తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద ఒంపుతున్నారు. పారబోస్తున్నారేమని అడిగితే, సాక, అన్నారు. తల్లికి, అంటే అమ్మవారికి, ముందు పోసి తరవాత తాము తాగాలట. చనిపోయినవాళ్ళకు కూడా అలాగే పోస్తారట. వీళ్ళు మనకంటే మర్యాదస్తులు, అని రాజ్యం మెల్లగా అంది. మా వైపు మద్యనిషేధం మాట నడుస్తున్న రోజులు కనుక ఆ మాట ఇంటికి వచ్చాక ఎవరితోనూ అనలేదు.

కొత్వాల్‌గూడ దారి

బండివాడు మల్లయ్య. ఎక్కగానే అడిగాడు.

“ఏంది బాపు, గర్నాచమ్మకు మొక్కున్నదా?”

ఆ అమ్మవారెవరన్నాను. రామన్న తోటలో వెలిసిందని, మస్తు సత్యం గల తల్లని చెప్పాడు. ఎండాకాలం చుక్క నీళ్ళు పోయకపోయినా పచ్చగా ఉంటుందట. కూలివాళ్ళు పసుపు రాసి, బొట్టు పెట్టి, పొద్దున కల్లు దించగానే సాక పోసి పనిలోకి దిగుతారట. నాకు కాసేపటికి గాని వెలగలేదు. గార్నాచ! తీగ పేరు రామన్న నోటి నుంచి విని, ఇంత ఎండను తట్టుకునేది అమ్మవారు కాక మరేమిటని, చివర అమ్మను చేర్చేశారు.

బండి రాళ్ళగుట్టల మధ్య నుంచి పోతోంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, మధ్యలో ఎర్రమట్టి, జొన్న కొయ్యకాళ్ళు. దూరంగా హిమాయత్‌సాగర్ నీళ్ళు ఎండకు వెనక్కి పోయి తెల్లగా మెరుస్తున్నాయి. చూడడానికి బాగుంది గాని నాకు చెమటలు పడుతున్నాయి. రాజ్యం రేగొడియాలు తింటూ, స్పెయిన్ వైను ఎలా ఉంటుందండీ అని అడిగింది. బండిలో పరాయివాడు ఉన్నాడు కనుక పుల్లగా ఉంటుందన్నాను.

చెబుతానన్న నిజం ఇక్కడ చెప్పాలి. గుంటూరులో ఒక పొగాకు కంపెనీ దొర బంగళా ఖాళీ చేసినప్పుడు పారేసిన వైను సీసా ఒకటి మా ఇంటికి వచ్చింది. మా వంటింట్లో అది కిరసనాయిలు పోసుకోవడానికి పనికొచ్చింది. దాని మూతి దగ్గర ఒకసారి వాసన చూశాను. అందులో స్పెయిన్ లేదు, ఫ్రాన్సు లేదు. కిరసనాయిలు ఉంది. వైనులతో నాకున్న పరిచయం ఆనాటికి అంతే. ఆ తరవాత రుచి చూసింది కూడా ఒకే ఒక్క వైను. మొదట్లో అన్నీ అన్నాను కదా, ఆ అన్నీ ఇదొక్కటే.

తోట

తోట వాకిట్లో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా పంచె, తలకు రుమాలు, ఎండకు కమిలి ఇటుక రంగు తిరిగిన తెల్లటి ఒళ్ళు, నీలి కళ్ళు. రామన్నగారు ఉన్నారా అని అడిగాను.

“నేనే రామన్న. దిగు అన్నా, ఎండ మస్తుగున్నది.”

రామన్న అనేటప్పుడు ఆ రకారం నోట్లో గిరగిర తిరిగింది. అసలు పేరు రమోన్. ఇరవై ఏళ్ళ కిందట జాగీర్దారు ద్రాక్షతోట వేయడానికి ఓడ ఎక్కించి తెప్పించుకున్న స్పెయిన్ దేశస్థుడు. వచ్చేటప్పుడు వాళ్ళ ఊరి నుంచి గార్నాచ కొమ్మలు తడిబట్టలో చుట్టి పరుపులో దాచి తెచ్చుకున్నాడు. ఇక్కడి బండలు, ఎండ చూసి తన ఊరే ఎదురొచ్చినట్టయిందట. తరవాత కల్లుగీత పనివాళ్ళ ఇంటి పిల్ల యాదమ్మను చేసుకుని ఉండిపోయాడు. యాదమ్మ దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. నేను ఆయనను మీరు అంటున్నాను, ఆయన నన్ను నువ్వు అంటున్నాడు. మా ఇద్దరిలో పరాయి దేశంవాడు ఎవరో మల్లయ్యను అడిగితే నన్నే చూపించేవాడు.

యాదమ్మ మాకు మంచినీళ్ళిచ్చి, రాజ్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ గాలిలో మీ ఇంట్లో నూరిన తొక్కు వాసన అదిరిపోతోందని నేనేదో మర్యాదకు అన్నాను. రామన్న నవ్వాడు.

“పోయిన పైయేడు జరమొచ్చింది అన్నా. పాణం మిగిలింది, ముక్కు పోయింది. యాదమ్మ తొక్కు నూరితే సప్పుడు ఇనబడ్తది. వాసన రాదు.”

సంగతంతా అప్పుడు బయటపడింది. వైను తీసి కుండలో పోసింది ఆ జ్వరానికి ముందు. వాళ్ళ ఊళ్ళో ఏ ఇంటి వైను ఆ ఇంటిదేనట. ఇది వాళ్ళమ్మ తీసే పద్ధతి. వాళ్ళ దేశంలో వాళ్ళలో వాళ్ళకు యుద్ధం వచ్చింది, ఇల్లు కూలింది, తీగలు కాలాయి, తల్లి పోయిందన్న కబురు ఎప్పటికో ఈయనకు చేరింది. ఇక ఆ ఇంటి వైనంటూ భూమ్మీద ఉంటే ఈ కుండలోనే ఉండాలి. కుండ మాగేసరికి ఈయనకు ముక్కు లేదు. ముక్కు లేకపోతే నాలుకా లేనట్టే. యాదమ్మను రుచి చూడమంటే ఆమె మొహం తిప్పుకుంది.

“నేను పొద్దటి కల్లు మనిషిని. నిన్నటిదైతేనే పారబోస్తం. మూడేండ్ల కల్లు మంచిగున్నదా అని అడిగితే ఏం జెప్పాలె అక్కా?” అని ఆమె రాజ్యంతో అంది.

ఇంతలో దేవిడీ నుంచి, అంటే జాగీర్దారు మేడ నుంచి, హుకుం వచ్చిందట. నల్లపండు చిన్నది, నిండా గింజలు. దేవిడీవాళ్ళకు పొడుగు తెల్లద్రాక్ష కావాలి. వానలు పడకముందే నల్లతీగలన్నీ పీకేయాలి. రామన్న వరసలన్నీ తవ్వించేశాడు. దున్నినట్టున్న ఆ నేల మధ్య ఒకే ఒక్క మొక్క మిగిలింది. పందిరి లేదు, ఊతం లేదు, నడుము ఎత్తున పొట్టి పొదలాగా దానంతట అదే నిలబడి ఉంది. మొదలుకు పసుపు, కుంకుమ. పక్కన నేలలో గుచ్చిన గడ్డపార. అది గర్నాచమ్మ. కూలివాళ్ళు ఒక్కరూ ముట్టలేదు. పీకితే రామన్నే పీకాలి.

“నువ్వు మంచిగున్నది అన్నవనుకో, మా అమ్మ ఇంటిది గీ మట్టిల గూడ పుట్టిందన్నట్టు. అప్పుడు దేవిడోళ్ళు నన్ను పీకినా దీన్ని పీకను. పాడైందన్నవనుకో, గిన్నేండ్లు ఉత్తగ నీళ్ళు పోసిన అన్నట్టు. ఇగ పొద్దుగూకేలోపల యాదమ్మ పొయ్యిల పెడ్త.”

నా కిరసనాయిలు సీసా నాకు గుర్తొచ్చింది. అబద్ధాలు నేను చాలా ఆడాను, అవి నవ్వుకోవడానికి ఆడినవి. ఇంకొకరి అమ్మ ఇంటిని నిలబెట్టే అబద్ధమో కూల్చే అబద్ధమో నా దగ్గర లేదు. రామన్నను కాస్త పక్కకు తీసుకెళ్ళి చెప్పేశాను: నేను వైను ఏ రకమూ తాగినవాణ్ణి కాను, మా బావమరిది ఇంట్లో గొప్పకు పోయాను, నన్ను క్షమించి బండి కట్టించండి.

ఆయన మీసం కింద నవ్వు కదిలింది.

“నాకెర్కనే. స్పెయిన్‌ల ఎన్ని తీర్ల సారా ఉంటదో స్పెయినోళ్ళకే తెల్వదు. అన్ని తాగిన అని కబురంపినప్పుడే అనుకున్న. మెంతులల్ల పురుగును పట్టినవంట గదా? గది సాలు నాకు. పేర్లు వద్దు. నీ ముక్కుకు ఏం కనబడ్తే గది జెప్పు.”

సాక

కుండను గర్నాచమ్మ పక్కకే తెచ్చారు. మూతి మీది మైనం గీకి, బట్ట విప్పారు. నా చేతికి కంచు గ్లాసు ఇచ్చి రామన్న ముందే హెచ్చరించాడు. రంగు చూసి మోసపోవద్దట. గార్నాచ పలచగా ఉంటుంది గాని లోపల ఎండ ఉంటుందట. నిజమే, దానిమ్మగింజ పిండినట్టు పలచటి ఎరుపు. అడుగున గ్లాసు మెరుపు కనిపిస్తోంది.

గ్లాసు పైకెత్తబోతుంటే యాదమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“తల్లికి పోయకుండ నోట్ల పోసుకుంటవా? జర ఆగు.”

దోసిలి పట్టి కాస్త తీసుకుని ఆ మొక్క మొదట్లో వదిలింది. ఇంకొకసారి దోసిలి పట్టింది. ఇదెవరికన్నాను.

“గాయన తల్లికి. ఆమెకు ఆడ ఎవరన్న సాక పోసిండ్రో లేదో.”

రామన్న రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

పగలంతా కాలిన ఎర్రమట్టి మీద అది పడగానే సుయ్యిమంది. ఆవిరిలాగా వాసన పైకి లేచింది. మొదట తడిమట్టి. దాని వెనకాల ఎండలో మగ్గిన ఎర్రపండు, ఆ వెనకాల మిరియం నలిపిన ఘాటు, ఎక్కడో చివర నారింజ తొక్క. అన్నీ కలిసి ఒక్కటయ్యాక, దుప్పటి మీద ఎండుతున్న రేగొడియాలు. మా అమ్మ చేసినవి. రాజ్యం చేసేవి కావు.

గ్లాసెత్తి తాగాను. గొంతు దిగి ఒంట్లో ఎండ కాసింది. గ్లాసు నిండా, ఒక్క చుక్క వదలకుండా తాగాను. తరవాత గొంతు సవరించుకుని రామన్నకు విడమరిచి చెప్పాను. పండిన పండు, మిరియాలు, నారింజ తొక్క, ఏది ముందు వచ్చిందో ఏది వెనక వచ్చిందో, పులిసిన జాడ గాని విరిగిన జాడ గాని లేదని, ఏ దేశపు రాజుకైనా పోయవచ్చని, తడుముకోకుండా చెప్పాను.

అప్పుడు జరిగింది చూడండి. నా మాటలు వింటున్న రామన్న ముక్కుపుటాలు అదిరాయి. తల పైకెత్తాడు. గాలి పీల్చాడు. రెండేళ్ళుగా చచ్చుబడిన ముక్కు ఆ సాక వాసనకు తెరుచుకుంది. “గదే. మా అమ్మ ఇల్లు,” అన్నాడు. నీలి కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి జారాయి.

ఆయన గడ్డపార అందుకున్నాడు. మొక్కకు జానెడు దూరంలో గడ్డపార దించి, మట్టి పెళ్ళగించి, చేతులతో చుట్టూ గట్టు చేశాడు. పాదు కట్టాడు. యాదమ్మ కడవతో నీళ్ళు తెచ్చి అందులో పోసింది. దేవిడీవాళ్ళు వస్తే ఏం చెబుతారని రాజ్యం అడిగింది.

“గుడి అని జెప్త. గుడిని పీకుమని సర్కారు గూడ అనడు,” అంది యాదమ్మ.

బయల్దేరేటప్పుడు రామన్న నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రాజ్యం తన డబ్బాలో మిగిలిన రేగొడియాలు యాదమ్మ కొంగులో పోసింది. యాదమ్మ ఒకటి కొరికి, దాన్ని తిప్పి తిప్పి చూసి, గర్నాచమ్మ వైపు చూసింది.

ఇంటి దగ్గర

ఇంతవరకు రాసి, నిన్న మా ఆవిడకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ అంతా విన్నది. ముంజల దగ్గర నవ్వింది. కిరసనాయిలు దగ్గర తల ఊపింది. చివరికి వచ్చేసరికి చేతులు ఆపింది. ఎలా ఉందని అడిగాను.

“గ్లాసు నిండా మీరేం తాగలేదు. ఒక గుక్క తాగారు, మిగతాదంతా మీ పంచె తాగింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు, కావాలంటే తీసి చూపిస్తాను. మిరియాలని, నారింజ తొక్కని మీరు ఒక్క ముక్క చెప్పలేదు. నోరు తెరిచి ‘అమ్మ’ అన్నారు. అంతే. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. రామన్నకు ముక్కు రాలేదండీ, ఏ వాసనా రాలేదు. ఆయన మీ మొహం చూశాడు.”